డాక్టరుతో మాట్లాడాక క్యాన్సర్ రోగి తృప్తిని కొలవడం: ఏ ప్రశ్నావళి ఎవరికి నప్పుతుంది?

క్యాన్సర్ ఓపీలో డాక్టరును కలిసి బయటికి వచ్చిన రోగి ఎంత తృప్తిగా ఉన్నారో తెలుసుకోవాలనుకునేవారు మన దగ్గర ముఖ్యంగా మూడు వర్గాల వారు. థీసిస్ కోసం ప్రశ్నావళి వెతుక్కునే పీజీ, నర్సింగ్ విద్యార్థులు ఒక వర్గం. ఆసుపత్రుల నాణ్యతను పరిశీలించే ఎన్ఏబీహెచ్ సంస్థ గుర్తింపు కోసమో, యాజమాన్యం అడిగినందువల్లనో అభిప్రాయ సేకరణ మొదలుపెట్టే ఆసుపత్రి నాణ్యతా విభాగం వారు రెండో వర్గం. రోగుల తరఫున పనిచేసే స్వచ్ఛంద సంస్థల వారు మూడో వర్గం. వీరి అవసరాలు ఒకదానితో ఒకటి పోలవు. అయినా ఇంటర్నెట్‌లో ముందుగా కనిపించేది, డబ్బు కట్టనక్కరలేనిది ఏదో దాన్నే ముగ్గురూ తీసుకుని, తెలుగులోకి తర్జుమా చేయించి, వందమందికో రెండువందలమందికో ఇచ్చి, చివరకు రోగులు చాలా తృప్తిగా ఉన్నారని నివేదిక రాస్తుంటారు. ఆ నివేదిక వల్ల ఓపీ గదిలో ఏమీ మారదు. అందుచేత ప్రశ్నావళిని ఎంచుకునే ముందే, వచ్చే సంఖ్యతో ఏ నిర్ణయం తీసుకోదలచుకున్నామో తేల్చుకోవాలి. ఏది మేలు, ఏది కాదు అనే పోలిక ఆ తర్వాతి సంగతి.

దేన్ని కొలుస్తున్నాం?

రోగి తృప్తి పేరుతో మూడు వేర్వేరు విషయాలు కొలతకు వస్తుంటాయి. ఈ రోజు, ఈ గదిలో, ఈ డాక్టరుతో జరిగిన మాటామంతీ ఎలా ఉంది అనేది మొదటిది. వార్డులో ఉన్న రోజుల్లోనో, గడిచిన కొన్ని నెలల్లోనో చూసిన డాక్టర్లందరి తీరు ఎలా ఉంది అనేది రెండోది. టోకెన్ తీసుకోవడం మొదలుకొని మందుల కౌంటరు దాకా ఆసుపత్రి మొత్తం ఎలా నడిచింది అనేది మూడోది. కేంద్ర ఆరోగ్య శాఖ 2016లో ప్రారంభించిన మేరా అస్పతాల్ వ్యవస్థ ఈ మూడో కోవకు చెందుతుంది. ఎస్ఎంఎస్, ఫోన్ కాల్, యాప్, వెబ్‌సైట్ ద్వారా రోగి అభిప్రాయం తీసుకుని, అసంతృప్తి ఉంటే పరిశుభ్రత వల్లనా, సిబ్బంది ప్రవర్తన వల్లనా, ఖర్చు వల్లనా అని అడుగుతుంది. ఆసుపత్రి స్థాయిలో లోపం ఎక్కడుందో పట్టుకోవడానికి అది సరిపోతుంది గానీ, డాక్టరు రోగితో ఎలా మాట్లాడారో దాని నుంచి తెలియదు. మూడో కోవ సాధనంతో మొదటి ప్రశ్నకు జవాబు రాబట్టాలని చూడడమే ఈ రంగంలో అన్నిటికంటే తరచుగా కనిపించే పొరపాటు.

ఇంకో తేడా కూడా ఉంది. మనసులో కలిగిన భావాన్ని అడగడం వేరు, జరిగిన సంగతిని అడగడం వేరు. "డాక్టరు వివరించిన తీరు మీకు తృప్తిగా ఉందా?" అంటే ఆదిలాబాద్ నుంచి రాత్రి బస్సులో వచ్చి హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి ఓపీలో తెల్లవారుజాము నుంచి కూర్చున్న మనిషి, డాక్టరు చూశారన్న ఊరటతోనే తృప్తిగా ఉందని చెబుతారు. ముందే పెద్దగా ఆశలు పెట్టుకోని వారికి దొరికిందే చాలా అనిపిస్తుంది. అదే మనిషిని "కీమో ఎక్కించుకుని ఇంటికి వెళ్లాక జ్వరం వస్తే ఏం చేయాలో ఎవరైనా చెప్పారా? ఏ నంబరుకు ఫోన్ చేయాలో కాగితం మీద రాసి ఇచ్చారా?" అని అడిగితే అవుననో కాదనో జవాబు వస్తుంది. కీమో తర్వాత తెల్ల రక్తకణాలు పడిపోయిన రోజుల్లో వచ్చే జ్వరం ప్రాణం మీదికి తెచ్చేది. ఆ నంబరు చెప్పలేదని పదిమందిలో నలుగురు అన్నారంటే, మరుసటి రోజునుంచే సరిదిద్దుకోవలసిన పని కళ్లముందు ఉన్నట్టే. భావాన్ని కొలిచే సంఖ్యకు ఆ శక్తి లేదు. ఇంగ్లండ్‌లో 2010 నుంచి జరుగుతున్న జాతీయ క్యాన్సర్ రోగుల సర్వే చాలావరకు ఇలా జరిగిన సంగతులనే అడుగుతుంది. అమెరికా ప్రభుత్వ సంస్థ ఆధ్వర్యంలోని కాప్స్ క్యాన్సర్ కేర్ సర్వే కూడా గత ఆరు నెలల్లో ఫలానాది ఎన్నిసార్లు జరిగింది, ఎప్పుడూనా, చాలాసార్లా, అప్పుడప్పుడా, ఎన్నడూ లేదా అనే ధోరణిలో సాగుతుంది. ఆ సర్వేలను యథాతథంగా ఇక్కడికి తేలేం, ఎందుకంటే అక్కడి వైద్య వ్యవస్థే వేరు. కానీ ప్రశ్న అడిగే పద్ధతిని వాటినుంచి తప్పకుండా నేర్చుకోవచ్చు.

ఉచితంగా దొరికే పీఎస్‌క్యూ-18

అమెరికాలోని రాండ్ సంస్థకు చెందిన మార్షల్, హేస్ 1994లో తయారుచేసిన ఈ ప్రశ్నావళి, అంతకుముందున్న 50 వాక్యాల పెద్ద ప్రశ్నావళికి సంక్షిప్త రూపం. ఇందులో 18 వాక్యాలు ఉంటాయి. ఒక్కోదానికి పూర్తిగా ఒప్పుకుంటాను నుంచి అసలు ఒప్పుకోను వరకు ఐదు మెట్లలో జవాబు చెప్పాలి. అనుమతి కోసం ఎదురుచూడనక్కరలేదు, రుసుము లేదు, ప్రపంచమంతటా వాడారు కాబట్టి పోల్చుకోవడానికి పాత వ్యాసాలు దొరుకుతాయి. థీసిస్ విద్యార్థులు దీని వైపు మొగ్గడానికి ఇవే కారణాలు, అవి కొట్టిపారేయదగినవి కావు.

అయితే ఆ 18 వాక్యాలూ దేని గురించో ఒకసారి లెక్కపెట్టి చూడండి. మొత్తం మీద తృప్తి గురించి 2, వైద్య నైపుణ్యం గురించి 4, మనిషితో మెలిగే తీరు గురించి 2, వివరించి చెప్పడం గురించి 2, ఖర్చు గురించి 2, డాక్టరు కేటాయించిన సమయం గురించి 2, వైద్యం అందుబాటు గురించి 4. అంటే డాక్టరుతో జరిగిన సంభాషణకు నేరుగా సంబంధించినవి ఆరు మాత్రమే. అవీ రెండేసి చొప్పున మూడు ముక్కలుగా విడిపోయి ఉన్నాయి. రెండే వాక్యాల మీద నిలబడే స్కోరు ఎంత స్థిరంగా ఉంటుందో గణాంకాలు తెలిసినవారికి చెప్పనక్కరలేదు. ఖర్చు గురించిన వాక్యాలకు మన దగ్గర వచ్చే జవాబు డాక్టరు గురించి ఏమీ చెప్పదు. ఆరోగ్యశ్రీ కార్డు మీద వైద్యం పొందుతున్న రోగి ఒకలా, అదే గదిలో నగదు కట్టి చూపించుకుంటున్న రోగి ఇంకోలా జవాబు చెబుతారు. పైగా ఈ వాక్యాలు పూర్వం నుంచి పొందుతున్న వైద్యం అంతటినీ దృష్టిలో పెట్టుకుని జవాబు చెప్పమంటాయి తప్ప, ఇప్పుడే ముగిసిన సంప్రదింపును ఉద్దేశించి కాదు.

ఇంకొక ఇబ్బంది చదివి వినిపించేటప్పుడు బయటపడుతుంది. రోగి యాంత్రికంగా అన్నిటికీ ఒకే జవాబు చెప్పకుండా ఉండాలని ఇందులో కొన్ని వాక్యాలను అనుకూలంగా, కొన్నిటిని ప్రతికూలంగా రాశారు. "నేను చెప్పే మాటను డాక్టర్లు ఒక్కోసారి పట్టించుకోరు" అన్న వాక్యం విని, తన డాక్టరు బాగా వింటారని చెప్పదలచుకున్న రోగి "ఒప్పుకోను" అనాలి. బడికి వెళ్లని పెద్దావిడ ఆ మెలికను అందుకోలేక, డాక్టరును మెచ్చుకుంటున్నాననుకుంటూ "అవునమ్మా" అనేస్తారు. మనం దాన్ని అసంతృప్తి కింద లెక్కవేస్తాం. చదువుకున్న రోగులు తామే పెన్ను పట్టి నింపే చోట ఈ సమస్య తక్కువ. జిల్లాల నుంచి వచ్చే రోగులు ఎక్కువగా ఉన్న ప్రభుత్వ ఆసుపత్రిలో ఇది స్కోరునే తలకిందులు చేస్తుంది. ఆసుపత్రి సేవల మీద సాధారణ పరిశీలన చేసేవారికి పీఎస్‌క్యూ-18 పరవాలేదు. డాక్టరు సంప్రదింపు మీద చేసేవారికి మాత్రం నేను దీన్ని సూచించను.

ఒక్క సంప్రదింపు కోసం కేర్ మెజర్

స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో స్టీవర్ట్ మెర్సర్, ఆయన సహచరులు తయారుచేసి 2004లో ప్రచురించిన కేర్ మెజర్‌లో పదే ప్రశ్నలు ఉంటాయి. అన్నీ ఇప్పుడే ముగిసిన సంప్రదింపు గురించే. డాక్టరు మిమ్మల్ని కుదుటపడనిచ్చారా, మీ సంగతి మీ మాటల్లో చెప్పనిచ్చారా, నిజంగా విన్నారా, జబ్బునే కాక మిమ్మల్ని ఒక మనిషిగా చూశారా, మీ దిగులు అర్థం చేసుకున్నారా, దయ చూపారా, ధైర్యం కలిగేలా మాట్లాడారా, స్పష్టంగా వివరించారా, మీ ఆరోగ్యాన్ని మీరు చూసుకునేలా తోడ్పడ్డారా, తర్వాత చేయవలసింది మీతో కలిసి నిర్ణయించారా అనేవి ఆ పది ప్రశ్నల సారాంశం. జవాబులు బాగాలేదు నుంచి అత్యుత్తమం దాకా ఐదు మెట్లు. ప్రతికూల వాక్యం ఒక్కటి కూడా లేదు కాబట్టి చదివి వినిపించడం సులువు.

స్కోరు 10 నుంచి 50 వరకు ఉంటుంది. "ఇది నాకు వర్తించదు" అనే వీలు కూడా ఇచ్చారు. అలాంటివి, ఖాళీగా వదిలినవి కలిపి రెండు దాకా ఉంటే మిగతావాటి సగటుతో పూరిస్తారు, అంతకంటే ఎక్కువైతే ఆ ఫారాన్ని లెక్కలోకి తీసుకోరు. ఒక రోగి ఎనిమిది ప్రశ్నలకు జవాబు చెప్పి, వాటి మొత్తం 36 అయిందనుకోండి. సగటు 4.5. వదిలేసిన రెండింటికీ 4.5 చొప్పున కలిపితే ఆ రోగి ఇచ్చిన స్కోరు 45. ఒక గుమస్తా కూడా చేయగలిగినంత తేలికైన లెక్క ఇది, రోజూ నడిచే ఓపీలో ఆ తేలికదనానికి విలువ ఉంది.

దీనిలో రెండు పరిమితులు గమనించాలి. ఇది మొదట కుటుంబ వైద్యుల కోసం తయారైనది. క్యాన్సర్ చికిత్సలోని ప్రత్యేక విషయాలు, అంటే చికిత్స ఉద్దేశం ఏమిటి, దుష్ప్రభావాలు ఏమిటి, మరో మార్గం ఉందా వంటివి దీనిలో పేరుపేరునా రావు. రెండోది ఇంకా సున్నితమైనది. ధైర్యం కలిగేలా మాట్లాడడం గురించిన ప్రశ్నకు, నిజాయితీగా ఉంటూనే నిరుత్సాహపరచకుండా మాట్లాడారా అన్న వివరణ ఉంది. తర్జుమాలో ఆ నిజాయితీ భాగం జారిపోతే, ముదిరిన జబ్బు గురించి లేని ఆశ కల్పించిన డాక్టరుకు 5 మార్కులు, నిజం చెప్పిన డాక్టరుకు 3 మార్కులు పడతాయి. తెలుగు ప్రతిలో ఈ ఒక్క ప్రశ్న మీద మిగతా తొమ్మిదిటికంటే ఎక్కువ శ్రద్ధ పెట్టాలి.

డాక్టర్లను ఒకరితో ఒకరిని పోల్చడానికి దీన్ని వాడేవారు ఇంకో మాట గుర్తుంచుకోవాలి. బ్రిటన్‌లో జరిగిన పరిశీలనల ప్రకారం ఒక డాక్టరు సగటు స్కోరు నమ్మదగినదిగా ఉండాలంటే దాదాపు 50 మంది రోగుల జవాబులు కావాలి. పదిహేనుమంది జవాబులతో ఒక డాక్టరును ఇంకొకరికంటే తక్కువ చేసి చూపడం అన్యాయం.

క్యాన్సర్ కోసమే పుట్టిన ఐరోపా ప్రశ్నావళులు

బ్రసెల్స్ కేంద్రంగా ఉన్న ఐరోపా క్యాన్సర్ పరిశోధన సంస్థ ఈఓఆర్‌టీసీ, వార్డులో చేరిన క్యాన్సర్ రోగుల కోసం ఇన్-ప్యాట్‌శాట్32ను తయారుచేసింది. ఆన్ బ్రెడార్ నేతృత్వంలో అనేక దేశాల్లో జరిపిన పరీక్ష ఫలితాలు 2005లో వెలువడ్డాయి. 32 ప్రశ్నల్లో 11 డాక్టర్ల గురించి, 11 నర్సుల గురించి, మిగతావి ఇతర సిబ్బంది, నిరీక్షణ సమయం, సౌకర్యాలు వగైరాల గురించి. డాక్టర్ల భాగంలో వైద్య నైపుణ్యానికి 3, మెలిగే తీరుకు 3, సమాచారం ఇవ్వడానికి 3, అందుబాటుకు 2 ప్రశ్నలు ఉన్నాయి. జబ్బు గురించి, పరీక్షల గురించి, చికిత్స గురించి చెప్పిన సమాచారాన్ని విడివిడిగా అడగడం దీని బలం. డాక్టరు స్కానింగ్ గురించి చక్కగా చెప్పి, జబ్బు గురించి దాటవేస్తే అది ఇక్కడ దొరికిపోతుంది.

1 నుంచి 5 వరకు ఉండే జవాబులను 0 నుంచి 100 వరకు ఉండే స్కోరుగా మారుస్తారు. సమాచారం గురించిన మూడు ప్రశ్నలకు ఒక రోగి 4, 4, 3 అని చెబితే సగటు 3.67. దానిలోంచి 1 తీసివేసి, 4తో భాగించి, 100తో గుణిస్తే 66.7 వస్తుంది. ఒక్కో విషయానికి విడి స్కోరు రావడం వల్ల విభాగం ఎక్కడ వెనకబడిందో తెలుస్తుంది. దీని తర్వాతి తరంగా 33 ప్రశ్నల ప్యాట్‌శాట్-సీ33, దానికి తోడుగా ఓపీ రోగుల కోసం 7 ప్రశ్నల అవుట్-ప్యాట్‌శాట్7 వచ్చాయి. ఓపీలో పరిశోధన చేసేవారు పాత 32 ప్రశ్నలను కాక ఈ జోడీనే అడిగి తీసుకోవాలి.

వాడుకోవడానికి సంస్థ అనుమతి తప్పనిసరి. తర్జుమా కూడా వారు చెప్పిన పద్ధతిలోనే జరగాలి, ఎవరికి తోచినట్టు వారు చేసుకోవడానికి లేదు. ఇది ఆలస్యమే గానీ నష్టం కాదు. వేరే దేశంతోనో, వేరే కేంద్రంతోనో ఫలితాలను పోల్చాలనుకునే వారికి, పేరున్న పత్రికలో ప్రచురించాలనుకునే వారికి దీన్ని మించిన దారి లేదు. అయితే జ్వరంతో, వాంతులతో ఉన్న మనిషి చేత 40 ప్రశ్నలకు జవాబు చెప్పించడం కష్టమని ముందే ఒప్పుకోవాలి. సగం నుంచి రోగి "మీరే రాసుకోండి నాయనా" అంటారు.

మిగిలిన వాటి గురించి కొద్దిగా చెబితే చాలు. రిచర్డ్ బేకర్ 1990లో ప్రచురించిన 18 ప్రశ్నల కన్సల్టేషన్ శాటిస్‌ఫ్యాక్షన్ ప్రశ్నావళి కూడా ఒక్క సంప్రదింపునే కొలుస్తుంది గానీ, డాక్టరుతో దీర్ఘకాల అనుబంధాన్ని లెక్కలోకి తీసుకుంటుంది. వచ్చిన ప్రతిసారీ వేరే డాక్టరు కనిపించే మన పెద్ద ఆసుపత్రులకు ఆ భాగం అతకదు. దీర్ఘకాల జబ్బులున్న రోగుల కోసం తయారైన ఫ్యాసిట్ ప్రశ్నావళుల కుటుంబానికి చెందిన 8 ప్రశ్నల సాధనం చికిత్సపై తృప్తిని అడుగుతుంది, సంప్రదింపుపై కాదు. పేరు చూసి పొరబడకూడదు.

ప్రశ్నావళి అక్కరలేని మార్గం ఒకటుంది. అనుమతితో సంభాషణను రికార్డు చేసి విశ్లేషించడం. 1984లో అమెరికాలో బెక్‌మన్, ఫ్రాంకెల్ 74 సంప్రదింపులను ఇలా పరిశీలించి, రోగి తన బాధ చెప్పడం మొదలుపెట్టిన సగటున 18 సెకన్లకే డాక్టరు అడ్డుపడుతున్నారని చూపారు. అవి క్యాన్సర్ సంప్రదింపులు కావు. అయినా ఏ ప్రశ్నావళీ ఇవ్వలేని స్పష్టత అందులో ఉంది. డాక్టర్లకు శిక్షణ ఇవ్వడమే ఉద్దేశమైతే, రెండువందల ఫారాలకంటే ఇరవై రికార్డింగులు ఎక్కువ నేర్పుతాయని నా నమ్మకం. ఖర్చు, గోప్యత, డాక్టర్ల సమ్మతి దీనికి అడ్డంకులు.

మన ఓపీలో ఎదురయ్యే చిక్కులు

ఏ ప్రశ్నావళి తీసుకున్నా ముందుగా ఫారం పైభాగం చూసుకోవాలి. తెలుగు ఇళ్లలో చాలామంది రోగులకు తమకు వచ్చింది క్యాన్సర్ అని ఇంట్లోవాళ్లు చెప్పరు. గడ్డ అనో, పుండు అనో చెప్పి చికిత్స చేయిస్తుంటారు. అలాంటి రోగి చేతికి "క్యాన్సర్ రోగుల సంతృప్తి సర్వే" అని పెద్ద అక్షరాలతో ఉన్న కాగితం ఇస్తే, డాక్టరు, కుటుంబం ఎంతో ఆలోచించి చెప్పవలసిన మాటను ఒక ఫారం చెప్పేసినట్టవుతుంది. "డాక్టరుగారితో మీ సంభాషణ గురించి" అన్న శీర్షిక చాలు. రోగికి జబ్బు పేరు తెలుసా అని అటెండరును, అంటే రోగి వెంట వచ్చిన ఇంటి మనిషిని, పక్కకు పిలిచి ముందే కనుక్కోవాలి. తెలియని వారి జవాబులను, ముఖ్యంగా సమాచారం గురించినవాటిని, వేరుగా ఉంచి విశ్లేషించాలి. లేకపోతే కుటుంబం దాచమన్నందువల్ల చెప్పని డాక్టరు, ఓపిక లేక చెప్పని డాక్టరు ఒకే గాటన పడతారు.

అటెండరు సంగతి అంతటితో ఆగదు. ప్రశ్న తల్లిని అడిగితే జవాబు కొడుకు చెబుతారు. డాక్టరు అసలు మాట్లాడింది కూడా కొడుకుతోనే కావచ్చు. అందుచేత జవాబు ఎవరు చెప్పారు అన్నదానికి ఫారంలో ఒక గడి ఉండాలి. వీలైతే ఇద్దరినీ విడివిడిగా అడగాలి. కేర్ మెజర్‌లో కొడుకు 48 ఇచ్చి, తల్లి 30 ఇచ్చారంటే, డాక్టరు తల్లి వైపు చూడకుండా మాట్లాడారని అర్థం చేసుకోవచ్చు. అది ఎంతో విలువైన సమాచారం. సగటు తీస్తే అది కనుమరుగవుతుంది.

ఎవరు అడుగుతున్నారు అన్నది ప్రశ్నావళి ఎంపికకంటే పెద్ద విషయం. వార్డు సిస్టరో, యూనిట్ పీజీనో అడిగితే, వచ్చే మంగళవారం మళ్లీ ఇదే యూనిట్‌కు రావలసిన రోగి ఒక్క మాట కూడా తేడాగా చెప్పరు. ఆసుపత్రి బ్యాడ్జీ లేని వ్యక్తి, ఓపీ గదికి దూరంగా, జవాబు డాక్టరుకు పేరుతో చేరదని చెప్పి అడగాలి. జవాబు చెప్పకపోయినా చికిత్సకు ఆటంకం ఉండదని ముందే స్పష్టం చేయాలి. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 నైతిక మార్గదర్శకాలు కోరే స్వచ్ఛంద సమ్మతికి ఇక్కడ ఉన్న అర్థం ఇదే.

ఎప్పుడు అడగాలన్నదానికి నా సలహా రెండు విడతలు. గదిలోంచి వచ్చిన వెంటనే అడిగితే జ్ఞాపకం తాజాగా ఉంటుంది, కృతజ్ఞత కూడా తాజాగానే ఉంటుంది. మూడు నాలుగు రోజుల తర్వాత ఇంటికి ఫోన్ చేస్తే, మందులు వేసుకోవడంలో ఏం అర్థం కాలేదో బయటపడుతుంది. భావం గురించిన ప్రశ్నలు మొదటి విడతలోనూ, జరిగిన సంగతుల ప్రశ్నలు రెండో విడతలోనూ అడిగితే రెండూ సరిగా వస్తాయి.

ఆ రోజు డాక్టరు చెప్పిన వార్త ఎలాంటిదో కూడా నమోదు చేయాలి. జబ్బు తిరగబెట్టిందని విన్న రోగి, డాక్టరు ఎంత మృదువుగా చెప్పినా, 50కి 50 ఇవ్వరు. స్కాన్ శుభ్రంగా ఉందని విన్నవారు ముక్తసరిగా మాట్లాడిన డాక్టరుకు కూడా ఇస్తారు. కొత్తగా జబ్బు నిర్ధారణా, చికిత్స మధ్యలోనా, మామూలు ఫాలోఅప్పా, చెడువార్తా అని నాలుగు గడులు పెట్టి, ఒకే రకం వాటిని ఒకదానితో ఒకటి పోల్చాలి. ఇది చేయకుండా డాక్టర్లను పోలిస్తే, ముదిరిన కేసులు చూసే పాలియేటివ్ డాక్టరు ఎప్పుడూ అడుగునే ఉంటారు.

తృప్తి ఉన్నా అర్థం కాకపోవచ్చు

నేను ఈ విషయంలో అన్నిటికంటే గట్టిగా చెప్పదలచుకున్నది ఇది. 2012లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో జేన్ వీక్స్, ఆమె సహచరులు ప్రచురించిన అమెరికా అధ్యయనంలో, ముదిరిన ఊపిరితిత్తుల లేదా పెద్దపేగు క్యాన్సర్‌కు కీమో తీసుకుంటున్న 1,193 మందిని ప్రశ్నించారు. ఆ దశలో కీమో జబ్బును పూర్తిగా నయం చేసే అవకాశం దాదాపు లేదన్న సంగతి ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగుల్లో 69 శాతం మందికి, పెద్దపేగు క్యాన్సర్ రోగుల్లో 81 శాతం మందికి అర్థమైనట్టు వారి జవాబుల్లో కనిపించలేదు. డాక్టరు తమతో చాలా బాగా మాట్లాడతారని ఎక్కువ మార్కులు ఇచ్చినవారిలోనే ఈ అపోహ మరింత ఎక్కువగా ఉంది. తృప్తి స్కోరు ఒక్కటే చూసి డాక్టరును మెచ్చుకునే ఆసుపత్రి, తెలియకుండానే నిజం దాచడాన్ని మెచ్చుకుంటున్నదేమో చూసుకోవాలి.

కనుక తృప్తి ప్రశ్నావళి ఏదైనా, దాని పక్కన అర్థమైందా లేదా చూసే ప్రశ్న ఒకటి ఉండి తీరాలి. "ఈ చికిత్స వల్ల ఏం జరుగుతుందని డాక్టరుగారు చెప్పారో మీ మాటల్లో చెబుతారా?" అని అడిగి, చెప్పింది చెప్పినట్టు రాసుకుని, తర్వాత కేస్ షీటులోని చికిత్స ఉద్దేశంతో సరిచూడాలి. జబ్బు పేరు తెలియని రోగిని ఈ ప్రశ్న అడిగేటప్పుడు రెట్టింపు జాగ్రత్త అవసరం. అలాంటి చోట దీన్ని అటెండరును మాత్రమే అడగడం మేలు.

ఎవరికి ఏది

పై సంగతులన్నిటినీ బట్టి నా ఎంపిక ఇలా ఉంటుంది. రోజూ నడిచే ఓపీలో డాక్టరు మాట్లాడే తీరును మెరుగుపరచాలనుకునే ఆసుపత్రి కేర్ మెజర్ పది ప్రశ్నలను, వాటితో పాటు జరిగిన సంగతుల గురించి తాము రాసుకున్న నాలుగైదు ప్రశ్నలను, అర్థమైందా అన్న ఒక ప్రశ్నను తీసుకోవాలి. పదిహేను పదహారు ప్రశ్నలు దాటకూడదు. వార్డులో చేరినవారి విషయంలోనూ, పలు కేంద్రాలను పోల్చే పరిశోధనలోనూ ఈఓఆర్‌టీసీ ప్రశ్నావళులే తగినవి. హైదరాబాద్‌లోని బసవతారకం, విశాఖపట్నంలోని హోమీ భాభా వంటి పెద్ద క్యాన్సర్ కేంద్రాలు కలిసి ఏదైనా చేపడితే, ఒకే ప్రామాణిక సాధనం ఉండడం ఎంతో మేలు. ఆరు నెలల్లో థీసిస్ ముగించవలసిన విద్యార్థి అనుమతి, తర్జుమా పనులకే మూడు నెలలు పోతాయని గుర్తించి, పీఎస్‌క్యూ-18 వైపు పోయే బదులు కేర్ మెజర్‌తో ఒకే విభాగాన్ని లోతుగా చూడడం మంచిది. స్వచ్ఛంద సంస్థలకు సంఖ్యలకంటే మాటలే బలం. జరిగిన సంగతుల ప్రశ్నలు పది రాసుకుని, ఇరవై ముప్ఫైమందితో తీరుబడిగా మాట్లాడి, వారి మాటలను వారి యాసలోనే నమోదు చేస్తే, ఆసుపత్రి యాజమాన్యం ముందు పెట్టడానికి అది చాలు.

తర్జుమా విషయంలో దగ్గరి దారులు వెతకవద్దు. ఇద్దరు విడివిడిగా తెలుగు చేయాలి, రెండిటినీ సరిచూసి ఒకటి చేయాలి, మూల ప్రశ్నలు చూడని వేరొకరు దాన్ని తిరిగి ఇంగ్లీషులోకి మార్చాలి, ఆ తర్వాత 10 నుంచి 15 మంది రోగులకు చదివి వినిపించి, వారికి ఏమర్థమైందో వారి మాటల్లోనే చెప్పించుకోవాలి. ఆ రోగులందరూ ఒకే జిల్లావారు కాకూడదు. గుంటూరులో సరిపోయిన ప్రశ్న కర్నూలులోనూ, కరీంనగర్‌లోనూ అలాగే అర్థమవుతుందన్న నమ్మకం లేదు. హైదరాబాద్‌లో ఉర్దూ ప్రతి లేకుండా చేసే సర్వే ఓపీలోని పెద్ద భాగాన్ని వదిలేస్తుంది.

ఫలితాలు రాసేటప్పుడు సగటు ఒక్కటే ఇవ్వడం చాలదు. పదిమందిలో తొమ్మిదిమంది అన్నిటికీ పై మెట్టే ఎంచుకుంటే ఆ ప్రశ్నావళి మీ దగ్గర పనిచేయడం లేదని అర్థం, డాక్టర్లందరూ గొప్పవారని కాదు. కింది రెండు మెట్లు ఎంచుకున్నవారు ఎందరో, వారు ఏ ప్రశ్నకు ఎంచుకున్నారో ముందుగా చూడాలి. డాక్టరు స్కోరును ఆ డాక్టరుకు మాత్రమే, విడిగా, తిరిగి కొలవబోయే తేదీతో సహా ఇవ్వాలి. నోటీసు బోర్డు మీద పెట్టే జాబితా వల్ల మర్నాటి నుంచి ఫారాలన్నీ 50కి 50 అవుతాయి. ఇక సమయం చాల్లేదన్న ఫిర్యాదులను డాక్టరు పేరు మీద కాక విభాగం పేరు మీద రాసి, ఆ రోజు ఆ గదిలో ఎంతమంది రోగులను చూశారో ఆ సంఖ్యను కూడా పక్కనే నమోదు చేయాలి.